జ్ఞానమణి డాక్టరూ, తన్నని ఎద్దూ

మా ఇంటి మెట్ల కింద ఒక నీలం రంగు ప్లాస్టిక్ బకెట్ ఉంటుంది. దాన్ని నేను ముట్టుకోను. చీర కుచ్చిళ్లు దానికి తగలకుండా ఒక పక్కకు ఒదిగి మెట్లెక్కుతాను. అది కింది పోర్షన్‌లో ఉండే జ్ఞానమణిది. ఆమె పశువుల డాక్టరు. సాయంత్రం ఆస్పత్రి నుంచి రాగానే రబ్బరు బూట్లూ, భుజం దాకా వచ్చే తొడుగులూ, ఏప్రనూ ఆ బకెట్లో పడేసి, ఫినాయిలు పోసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, అప్పుడు లోపలికి వెళ్తుంది. ఆ ఫినాయిలు వాసన అడుగున ఇంకో వాసన ఉంటుంది. అదేమిటని కొత్తలో ఒకసారి అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఈనిన బర్రెకు మాయ పడలేదు మేడం. లోపల్నే కుళ్లిపోయిండాది. చెయ్యి పెట్టి కొంచెం కొంచెంగా లాగినా," అంది వేరుశనగ ఉండ కొరుక్కుంటూ. అదే చేత్తో. కడిగిన చెయ్యే, నా కళ్లముందే కడిగింది. అయినా ఆ పూట నాకు అన్నం దిగలేదు.

నా పేరు సుప్రజ. బనగానపల్లె నుంచి రోజూ బస్సులో కొట్టాల అనే ఊరికి వెళ్లి హైస్కూల్లో తెలుగు చెబుతాను. జ్ఞానమణి ఆస్పత్రి కూడా ఆ ఊళ్లోనే, మా స్కూలు గోడ పక్కనే. నాకు అసహ్యాలు ఎక్కువని మా ఇంట్లో అందరూ వెక్కిరిస్తారు. పక్కవాళ్ల గ్లాసుతో నీళ్లు తాగను. బస్సులో కమ్మీ పట్టుకోవాల్సి వస్తే చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంటాను. అలాంటిదాన్ని చీమూ, నెత్తురూ, పేడా కూటివిద్యగా పెట్టుకున్న మనిషి నెత్తిన కాపురం ఉండాల్సి రావడం నా ఖర్మ అనుకున్నాను. ఇప్పటికీ నా అసహ్యం ఒక్క పిసరు తగ్గలేదు. కాకపోతే ఆ బకెట్ దగ్గర ఆగడం మానేసి వేరే చోట్లకు పోతోంది.

జ్ఞానమణిది కోడుమూరు వైపు ఒక పల్లె. తండ్రి బాలస్వామి ఊళ్లోవాళ్ల గొర్రెలు కాసేవాడు. తల్లి రెజీనా కూలికి పోయేది. జ్ఞానమణి బడికి వెళ్లే వయసులో ఒక వానాకాలం గొర్రెలకు చిటుక రోగం తగిలింది. పొద్దున బాగా మేసిన జీవం సాయంత్రానికి కడుపు ఉబ్బి కాళ్లు కొట్టుకుంటూ పడిపోయేది. బాలస్వామి ఎవరెవరినో బతిమాలి ఒక డాక్టరును జీపులో పిలుచుకొచ్చాడు. ఆయన రోడ్డు మీదే ఆగాడు. దొడ్డి చుట్టూ బురద. జీపు తలుపు తీసి, కిందికి చూసి, ప్యాంటు అంచును రెండు వేళ్లతో కొంచెం ఎత్తి పట్టుకుని, మళ్లీ వదిలేశాడు. ఇంక అవి బతకవులే అని జీపులోంచే చెప్పి వెళ్లిపోయాడు.

"మా నాయన ఏడ్చినాడో లేదో నాకు గుర్తులేదు మేడం. ఆ ప్యాంటు అంచు మాత్రం ఇస్త్రీ మడతతో సహా గుర్తుండాది," అంటుంది జ్ఞానమణి. "మా గొర్రెల కంటే ఆయనకు ఆ మడతే ఎక్కువైపాయ."

ఆ మంట మీదే చదివింది. ప్రొద్దుటూరులో పశువైద్యం సీటు వచ్చినప్పుడు, మనుషుల డాక్టరు సీటు రాలేదా పాపం అని అడగని మనిషి లేడట. వాళ్ల చర్చిలో పాస్టరుగారు నిండు సభలో లేచి, "ప్రభువా, మా బిడ్డ చేతికి మంచి పేషెంట్లను దయచేయుము" అని ప్రార్థన చేశాడట. రెజీనా మధ్యలో కళ్లు తెరిచి, "అయ్యగారూ, గొడ్లు" అని అందించిందట. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా జ్ఞానమణి నవ్వలేక పొట్ట పట్టుకుంటుంది.

ఆమె కొట్టాలకు వచ్చేనాటికి ఆ ఊరికి డాక్టరు లేని లోటేమీ కనిపించేది కాదు. సూదుల రామాంజి ఉన్నాడు కదా. రామాంజి ఏమీ చదువుకోలేదు. ఎక్కడో మందుల షాపులో కొన్నాళ్లు పొట్లాలు కట్టాడు. బండి హ్యాండిలుకు ఒక ఎర్ర సంచి తగిలించుకుని ఊళ్లు తిరుగుతాడు. బర్రె పాలు తగ్గినా, ఎద్దు కుంటినా, మేక దగ్గినా ఆ సంచిలోంచి ఒకటే సూది. దానికీ లొంగకపోతే ఊళ్లో ఒక పెద్దమనిషి ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి జీవం పొట్టమీద వాతలు పెడతాడు. అదీ అయ్యాక, నోట్లోంచి నురగ కారుతుండగా, అప్పుడు డాక్టరమ్మ గుర్తొస్తుంది. ఆ జీవం చస్తే మాత్రం ఊరంతా ఒకే మాట. డాక్టరమ్మ చెయ్యి పెట్టింది, పోయింది అని.

ఒక ఆదివారం ఆమెతోపాటు మార్కెట్‌కు బయల్దేరి, దారిలో అలాంటి కేసు దగ్గర ఇరుక్కున్నాను. ఒక పెయ్యకు పక్కటెముకల మీద వాత పెట్టారు. ఆ పుండులో పురుగులు పడ్డాయి. తెల్లగా, లావుగా, ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. ఆ పెయ్య యజమాని తన పెయ్య దగ్గరే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఛీ, ఏం కంపప్పా" అంటూ దూరంగా నిలబడ్డాడు. వాత పెట్టించింది వాడే. జ్ఞానమణి నేలమీద చతికిలబడి, పట్టకారుతో ఒక్కో పురుగునూ ఏరి డబ్బాలో వేస్తూ కూర్చుంది. నేను గోడ వెనక్కి పోయి కక్కుకున్నాను.

"పురుగులేం చేస్తాయి మేడం, వాటి పని అవి చేస్తాండాయి," అంది తిరిగి వచ్చేటప్పుడు. "ఆ తువ్వాలాయన్ను చూస్తేనే నాకు కడుపులో తిప్పింది. నిన్నటిదాకా బాగుండె అని నా మొహం మీదనే అబద్ధం చెప్పె. మనిషి చెప్పేది వింటే కాదు. గొడ్డును తడిమి చూడాల. అది అబద్ధం చెప్పదు."

గొడ్డు చేత కూడా అబద్ధం చెప్పించే మనుషులు ఉంటారని అప్పటికి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

భూపేష్ గురించి చెప్పాలంటే ముందు అతని ఫ్లెక్సీల గురించి చెప్పాలి. బస్సు కొట్టాల మలుపు తిరగగానే రెండువైపులా అతనే నమస్కారం పెడుతూ ఉంటాడు. తాతల నాటి మామిడి తోటలు ఉన్నాయి, నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది, నాయకుడు కావాలన్న దురద ఉంది. ఆ దురద తీర్చుకోవడానికి ఎద్దుల జత పెట్టాడు. మా ప్రాంతంలో తిరునాళ్లు వస్తే బండలాగుడు పోటీలు ఉండాల్సిందే. పెద్ద బండరాయికి ఎద్దుల జతను కట్టి లాగిస్తారు. గడువులోపల ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి. ఎద్దులు గెలిస్తే వాటి యజమాని పేరు మైకులో మోగుతుంది, ఫోన్లలో తిరుగుతుంది.

భూపేష్ ఎద్దులు చుక్కన్న, మైలోడు. చుక్కన్న పాలనురుగులా తెల్లగా ఉండి నుదుట నల్లచుక్కతో ఉండేవాడు. మైలోడిది బూడిద రంగు. వాటికి దోమతెరలు, ఫ్యాన్లు, బాదం పప్పు, కోడిగుడ్లు. కొట్టం నేలంతా అద్దంలా మెరిసే పాలిష్ నాపరాయి. వచ్చినవాళ్లందరికీ భూపేష్ ముందు ఆ నేల చూపించి, తర్వాత ఎద్దుల్ని చూపించేవాడు.

ఆ ఎద్దుల్ని నిజంగా సాకింది అతని తల్లి రామలక్ష్మమ్మ. చుక్కన్న పుట్టగానే తల్లి ఆవు చచ్చిపోతే, పాలసీసా పట్టి పెంచింది. ఎద్దయి కొమ్ములు తిరిగాక కూడా వాడు ఆమె కొంగు నోట్లో పెట్టుకుని నమిలేవాడు. అందుకే ఆమె చీరలన్నిటికీ కొంగు చివర్లు పీకిపోయి ఉండేవి. నాకది చూసినా వికారమే. ఆమెకు మాత్రం గొప్ప.

ఒక ఎండాకాలం చుక్కన్న ఆ మెరిసే నేల మీద కాలు జారాడు. రాతి పెచ్చు ఒకటి ముందుకాలి గిట్టలో దిగింది. రామాంజి వచ్చి సూది పొడిచి వెళ్లాడు. కాలు వాచింది. అప్పుడు జ్ఞానమణిని పిలిచారు. ఆమె గిట్ట కోయగానే చీము చిమ్మి భూపేష్ తెల్లబూట్ల మీద పడింది. అతను ఎగిరి అంత దూరం గెంతాడు. రామలక్ష్మమ్మ మాత్రం ఎద్దు తల పట్టుకుని కదల్లేదు.

"లోపల ఎముక దాకా పోయిండాది," అంది జ్ఞానమణి కట్టు కడుతూ. "ఇది మానేదానికి శానా కాలం పడతాది. ఈ తిరునాళ్లకు వీన్ని కట్టొద్దండి. లాగితే ఆ కాలు ఇరుగుతాది. ఇరిగిందంటే ఎద్దు దక్కదు. ఈ నాపరాయి తీపించి మన్ను పోపియ్యండి."

"అట్లే మేడం, అట్లే," అన్నాడు భూపేష్ బూట్లు తుడుచుకుంటూ.

రామలక్ష్మమ్మ రోజూ గోరువెచ్చని నీళ్లలో మందు కలిపి ఆ గిట్ట కడిగింది. నేల మాత్రం అలాగే మెరుస్తూ ఉంది.

తిరునాళ్లు వచ్చాయి. పోటీలు ఎక్కడ పెడతారనుకున్నారు? మా స్కూలు గ్రౌండులో. వద్దని చెప్పే ధైర్యం మా హెడ్మాస్టరుకు లేదు. అందరం రావాలని కబురు కూడా వచ్చింది కాబట్టి నేనూ వెళ్లి వరండాలో కూర్చున్నాను. పిల్లలు ప్రార్థనకు నిలబడే చోట బండ పడి ఉంది. పేడ, చెరకు పిప్పి, తాగి పారేసిన సీసాలు. ఎద్దుల నోళ్లలోంచి వచ్చే వాసనలో బ్రాందీ కూడా కలిసి ఉంది. మనుషులు తాగి, మిగిలింది ఎద్దులకు పోస్తారు.

అక్కడ ఒక ఆచారం ఉంది. పోటీ మొదలయ్యే ముందు పశువుల డాక్టరు స్టేజీ ఎక్కి, జతలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని మైకులో చెప్పాలి. శాలువా కప్పుతారు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఎద్దుల మొహాలు కూడా చూడకుండా ఆ మాట చెప్పి, శాలువా మడిచి పట్టుకుని వెళ్లేవారట. జ్ఞానమణి స్టేజీ ఎక్కలేదు. తిన్నగా ఎద్దుల దగ్గరికి నడిచింది. చుక్కన్న అక్కడ కాడి కింద నిలబడి ఉన్నాడు. పసుపు రాసిన కొమ్ములు, మెళ్లో గంటలు, వీపున జరీ గుడ్డ. నాలుగు కాళ్లమీద ఏ కుంటూ లేకుండా నిలబడ్డాడు.

ఆమె వాణ్ణి అటూ ఇటూ నడిపించమంది. బాగా నడిచాడు. మరీ బాగా నడిచాడు. ఆమె ముఖం చూస్తే సంతోషించినట్టు లేదు. సూది కోసం వెతికి, సంచి దూరంగా ఉండటంతో పక్కనే ఉన్న రామలక్ష్మమ్మను, "పెద్దమ్మా, గాజులకు పిన్నీసు ఉండాదే, ఒకసారి ఇస్తావా" అని అడిగింది. పిన్నీసు తీసుకుని ముందు మంచి కాలికి, గిట్టకు కొంచెం పైన గుచ్చింది. చుక్కన్న కాలు విసిరాడు. తర్వాత దెబ్బ తగిలిన కాలికి అదే చోట గుచ్చింది. ఇంకా లోతుగా గుచ్చింది. నెత్తురు బొట్టు పైకి వచ్చింది. వాడు కదల్లేదు. ఎటో చూస్తూ నెమరు వేసుకుంటున్నాడు.

చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టారు.

"చూస్తిరా నా బిడ్డ ఓర్పు," అంది రామలక్ష్మమ్మ మురిసిపోతూ. "సూదులు గుచ్చినా తన్నడు. నా చేతిమీద పెరిగినోడు."

"ఓర్పు కాదు పెద్దమ్మా. ఆ కాలు మొద్దుబారి ఉండాది. నొప్పి తెలీకుండా సూది వేసినారు," అంది జ్ఞానమణి. ఆమె కళ్లు గుంపులో రామాంజి ఎర్ర సంచి కోసం వెతికాయి. సంచి లేదు, రామాంజి ఉన్నాడు, భూపేష్ వెనక నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. "భూపేష్‌గారూ, వీన్ని ఇప్పండి. కాలుండేది వీనికి తెలీడంల్యా. బండ లాగితే ఇరుగుతాది."

భూపేష్ నవ్వాడు. ఫ్లెక్సీ మీది నవ్వు అదే. "మేడం, మా అమ్మ చేత్తో గుడ్లు తాపించి పెంచిన ఎద్దు అది. మీరు మామూలు గొడ్లను చూసిండారు. సూదేంది, మొద్దేంది. రాండి, శాలువా కప్పించుకోండి."

తల్లి కొడుకు వైపు చూసింది. కొడుకు తల అడ్డంగా ఊపాడు. ఆమె నమ్మింది. కన్న కొడుకును నమ్మక ఇంకెవరిని నమ్ముతుంది?

జ్ఞానమణి కమిటీ పెద్దల దగ్గరికి వెళ్లి మొత్తుకుంది. బందోబస్తుకు వచ్చినాయన్ను అడిగింది. ఆయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పండగ పూట ఎందుకమ్మా అన్నాడు. మైకు చేతికిస్తే, ఈ జతకు నేను ఒప్పుకోను అని చెబుతానంది. అందుకని మైకు ఇవ్వలేదు. ఆమె ఇంకా మాట్లాడుతూ ఉండగానే స్టేజీ మీది వ్యాఖ్యాత గొంతెత్తాడు. "మన గౌరవనీయులైన డాక్టరమ్మగారు అన్ని జతలనూ పరీక్షించి, సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాయని తెలియజేశారు. వారికి మన కరతాళధ్వనులు." జనం మళ్లీ చప్పట్లు. ఆమె నోరు మూయించి, ఆమె పేరుతోనే అబద్ధం చెప్పారు. 

తర్వాత జరిగింది రాయడానికి కూడా నాకు కంపరంగా ఉంది. బండకు కట్టి అదిలించారు. ఇద్దరు చెర్నాకోలలతో కొడుతున్నారు. ఇంకొకడు పరిగెడుతూనే చుక్కన్న తోకను నోట్లో పెట్టుకుని కొరికాడు. చొంగా నెత్తురూ వాడి గడ్డం మీదుగా కారాయి. జనం ఈలలు వేశారు. నేను పక్కవాళ్ల గ్లాసు ముట్టని మనిషిని, నా కళ్లతో ఇది చూశాను. ఎద్దులు గ్రౌండు చివరిదాకా లాగి మళ్లాయి. మళ్లే చోట ఒక చప్పుడు వినిపించింది. ఎండుకట్టె విరిచినట్టు. చుక్కన్నకు అది తెలియలేదు. విరిగిన కాలినే మళ్లీ నేలకు ఆనించి ముందుకు గుంజాడు. ఇంకో అడుగు వేశాడు. గిట్ట పక్కకు వాలిపోయి, ఎముక తోలును చీల్చుకుని బయటికి వచ్చాక గానీ కూలలేదు.

"దయచేసి తర్వాతి జత సిద్ధంగా ఉండవలెను," అన్నాడు వ్యాఖ్యాత.

కాడి తీసేసి, చుక్కన్న కాళ్లకు మోకు కట్టి, ట్రాక్టరుతో ఈడ్చి చెరకు రసం బండి పక్కన పడేశారు. కొంతమంది వాడి మీద పసుపు కుంకుమ చల్లి దండం పెట్టారు. కొంతమంది ఫోన్లు పైకెత్తి వాడి పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఒకడు కూల్‌డ్రింకు సీసా వాడి నోట్లో దూర్చాడు. ఆ సూది మత్తు దిగుతున్నట్టుంది, అప్పుడు చుక్కన్న అరవడం మొదలుపెట్టాడు. గ్రౌండులో రెండో జత పరుగు మొదలైంది కాబట్టి ఆ అరుపు ఎవరికీ వినపడలేదు.

జ్ఞానమణి కాలు చూసి లేచింది. "ఇది అతికేది కాదు. బాధ లేకుండా పంపిచ్చేస్తా. ఒప్పుకోండి."

భూపేష్ చెవులు మూసుకున్నాడు. "ఎద్దును చంపేదా? మహాపాపం మేడం. మా వంశంలో లేదు." ఆ మాట అని పక్కకు తిరిగి, ఒక బేరగాణ్ణి పిలిచి, వ్యాన్ తెప్పించమని చెవిలో చెప్పాడు. ఆ వ్యాన్ ఎక్కడికి పోతుందో ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కబేళాకు అమ్మడం పాపం కాదు, సూది వేసి నిద్రపుచ్చడం పాపం. వినగానే నాకు నోట్లో చేదు ఊరింది.

అప్పుడు రామలక్ష్మమ్మ మాట్లాడింది. నేలమీద కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. కొంగు చివర వాడి నోట్లో ఉంది. "వాడు నీ ఎద్దు కాదురా. నా చేతి పాలు తాగినోడు. తల్లీ, నువ్వు సూది ఎయ్యి." కొడుకు ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు చూడలేదు. జ్ఞానమణి మోకాళ్లమీద వంగి సూది వేసింది. కాసేపటికి కొంగు నమలడం ఆగింది. రామలక్ష్మమ్మ మాత్రం ఆ కొంగు లాక్కోలేదు.

పదకొండో రోజుకు కొత్త ఫ్లెక్సీ లేచింది. చుక్కన్నకు అశ్రునివాళి. మూలన చుక్కన్న ఫోటో, మధ్యలో నిలువెత్తున భూపేష్, పైన వరసగా నాయకులు. గుండెపోటుతో అకాల మరణం అని రాయించారు. తోటలో సమాధి కట్టించాడు, అదే పాలిష్ నాపరాయితో. భోజనాలు పెట్టాడు, స్టేజీ కట్టాడు. చివరిదాకా సేవ చేసిన డాక్టరమ్మకు సన్మానం అని కబురు పంపాడు. నేను వెళ్లొద్దన్నాను. "పెద్దమ్మ కోసం పోవాల మేడం," అంది జ్ఞానమణి. నేనూ వెంట వెళ్లాను.

శాలువా కప్పారు. ఈసారి మైకు కూడా ఇచ్చారు. చుక్కన్న గురించి రెండు మంచి ముక్కలు చెప్పమన్నారు. ఆమె నోరు తెరిచేలోపల ముందు వరసలో కూర్చున్న రామలక్ష్మమ్మ అడిగింది.

"నాకొకటి చెప్పు తల్లీ. ఆ కాలు ఇరిగేటప్పుడు వానికి శానా నొప్పి పుట్టిందా?"

జ్ఞానమణి ఆమె వైపు తిరిగింది. మైకు నోటి దగ్గరే ఉంది.

"లేదు పెద్దమ్మా. అప్పుడు వానికేమీ తెలీలేదు. తెలిసింటే ఆగిపోయిండేవాడు. ఆగకుండా ఉండాలనే ఆ సూది ఏసినారు. ఆ పొద్దు నీ పిన్నీసు గుచ్చితే వాడు ఓర్చుకోలేదు పెద్దమ్మా. వానికి తగల్నే లేదు."

భూపేష్ సైగ చేశాడు, మైకు ఆగిపోయింది. కానీ మాట అప్పటికే తోటంతా వెళ్లిపోయింది. రామలక్ష్మమ్మ తన గాజుల వైపు చూసుకుంది. పిన్నీసు అక్కడే వేలాడుతోంది. విస్తరి ముందు కూర్చోకుండా లేచి ఇంటికి వెళ్లిపోయింది.

దీనివల్ల భూపేష్ మారాడని మీరు అనుకుంటే, మీకు ఆ ఫ్లెక్సీ అర్థం కాలేదన్నమాట. పుణ్యకార్యంలో అపశకునం పలికిందని జ్ఞానమణి మీద పై అధికారులకు ఫిర్యాదు రాయించాడు. ఆమె ఎన్నిసార్లు ఎన్ని చోట్లకు పోయి సంజాయిషీ చెప్పుకుందో నాకు తెలుసు. రామాంజి సంచి ఊళ్లో మామూలుగానే తిరిగింది. మైలోడికి జోడుగా కొత్త ఎద్దును తెచ్చారు. మళ్లీ బాదం పప్పు, మళ్లీ దోమతెర, అదే మెరిసే నేల. మళ్లీ తిరునాళ్లు వచ్చేసరికి, ఈసారి డాక్టరమ్మను పిలవాల్సిన పనిలేదు, ఆరోగ్యం సంగతి మేమే చూసుకుంటాం అని కమిటీవాళ్లు తీర్మానించేశారు. జ్ఞానమణి ఆ పొద్దు ఆస్పత్రిలోనే కూర్చుంది. గోడకు ఇవతల నేను మా స్కూలు వరండాలో ముక్కు మూసుకుని కూర్చున్నాను.

భూపేష్ జత వంతు వచ్చింది. కాడి ఎత్తబోతుండగా రామలక్ష్మమ్మ జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. గాజులకున్న పిన్నీసు ఊడదీసి, కొత్త ఎద్దు ముందు కూర్చుని, జ్ఞానమణి చేసినట్టే ఒక్కో కాలికీ గుచ్చడం మొదలుపెట్టింది. మూడు కాళ్లు విదిల్చింది ఆ ఎద్దు. నాలుగో కాలు కదల్చలేదు. ఆమె మళ్లీ గుచ్చింది. కదల్చలేదు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"కాడి దించరా," అంది కొడుకుతో.

భూపేష్ చుట్టూ చూశాడు. అన్నివైపులా ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. తల్లిని ఈడ్చేయడం వాటిలో ఎలా కనిపిస్తుందో లెక్క వేసుకున్నట్టున్నాడు. సిగ్గుపడి కాదు, ఫోన్లకు భయపడి కాడి దించాడు. ఆ మొహం చూస్తే ఇప్పటికీ నాకు పురుగులే గుర్తొస్తాయి, పురుగులదేమీ తప్పు లేకపోయినా.

ఆమె అక్కడితో లేవలేదు. మైలోడి దగ్గరికి జరిగి వాడికీ గుచ్చింది. వాడు ఆమెను ఒక్క తన్ను తన్నాడు. ఆమె వెల్లకిలా పడింది. అందరూ పరుగెత్తారు. లేపబోతే చేతులు విదిలించుకుని తనే లేచింది.

సాయంత్రం జ్ఞానమణి ఆస్పత్రి మూసేసి బయల్దేరుతుండగా రామలక్ష్మమ్మ కుంటుకుంటూ వచ్చి కాలు చూడమంది. నేను బస్సు కోసం అక్కడే ఉన్నాను.

"నేను గొడ్ల డాక్టర్ను పెద్దమ్మా," అంది జ్ఞానమణి నవ్వు ఆపుకుంటూ.

"తెలుసులే, చూడు," అని ఆమె చీర పైకెత్తి మోకాలి కింద చూపించింది. అక్కడ గిట్ట అచ్చు నల్లగా కమిలి, చర్మం చీరుకుపోయి, మట్టీ పేడా అంటుకుని ఉంది. "మైలోడు తన్నినాడు తల్లీ. ఎంత బాగా తన్నినాడో."

దూది తడిపి ఇవ్వడానికి ఎవరూ లేరు. నేనే ఇచ్చాను. జ్ఞానమణి పుండు కడిగి, వేలితో చుట్టూ నొక్కుతూ అడిగింది.

"నొప్పి ఉండాదా పెద్దమ్మా?"

"ఉండాది తల్లీ," అంది రామలక్ష్మమ్మ. "ఉండనీ."